కమ్మరి కావాలి, ఉజ్జియా గర్వం వద్దు

అది 2025 మే 9, శుక్రవారం. దాచేపల్లిలో ఉపవాస ప్రార్థన ముగిసి అందరూ లేస్తున్నారు. సంఘంలో ఒక సహోదరి చీర చెంగుతో కళ్లు తుడుచుకుంటూ మా దగ్గరకు వచ్చింది. ఆమె కొడుకు జమ్ము వైపు సైన్యంలో ఉన్నాడు. "అయ్యగారూ, టీవీలో ఆకాశ్ క్షిపణి అని ఒకటే చెబుతున్నారు. అది ఉందిగా, మావాడికి ఏం కాదుగా?" అని అడిగింది. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణం విడిచాడన్న వార్త కూడా ఆ రోజుదే. ఆమె చెవిన అది అప్పటికే పడి ఉంటుంది. మేము ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి పంపాం. అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చాక అది మమ్మల్ని చాలా రోజులు వదలలేదు.

దేశ రక్షణలో సాంకేతిక పరిజ్ఞానం పాత్ర ఏమిటనే చర్చ మామూలుగా ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో జరుగుతుంది. పల్నాటి మిరప చేల మధ్య ఉన్న ఒక సంఘానికి దానితో పనేమిటని అనుకునేవారు ఉంటారు. మన పిల్లలు అక్కడ కాపలా కాస్తున్నారు. మన ఇళ్లలోని ఇంజనీరింగ్ పిల్లలు ఆ ఆయుధాలు తయారుచేసే ఉద్యోగాల కోసం పరీక్షలు రాస్తున్నారు. మన పన్ను డబ్బు అక్కడ ఖర్చవుతోంది. ఆ ఖర్చు మంచిదో చెడ్డదో తెలియకుండానే ఆదివారం ఆరాధనలో 'మా దేశ సైన్యాన్ని కాపాడు తండ్రీ' అని ప్రార్థిస్తున్నాం. కాబట్టి ఈ చర్చ మనదే.

ముందుగా ఆకాశ్ సంగతి చూద్దాం. ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. వారిలో మన కావలి, విశాఖపట్నాలకు చెందినవారు ఇద్దరు ఉన్నారు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ పేరుతో మన సైన్యం తొమ్మిది స్థావరాలపై దాడి చేసింది. 8వ తేదీ రాత్రి పాకిస్తాన్ వైపు నుంచి 36 చోట్లకు 300 నుంచి 400 వరకు డ్రోన్లు వచ్చాయని ప్రభుత్వం ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం తమ లక్ష్యాలను చేరలేదు. రష్యా నుంచి కొన్న ఎస్-400 వ్యవస్థలు, పాతకాలపు విమాన విధ్వంసక తుపాకులు, మన ఆకాశ్, వీటన్నిటినీ ఒకే తెరమీద కలిపి చూపే ఆకాశ్‌తీర్ అనే నియంత్రణ వ్యవస్థ కలిసి ఆ పని చేశాయి.

ఈ ఆకాశ్ హైదరాబాద్‌లో పుట్టింది. 1983లో కేంద్రం సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమాన్ని మంజూరు చేసింది. అప్పటికి అబ్దుల్ కలాం కంచన్‌బాగ్ ప్రాంతంలోని డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చి ఏడాది గడిచింది. పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అనే అయిదు పనులు ఒకేసారి మొదలయ్యాయి. ఆకాశ్ పని ప్రహ్లాద రామారావు చేతికి అప్పగించారు. ఆయన దాదాపు పదిహేనేళ్లు దానిమీదే ఉన్నారు. 1990లో మొదటి పరీక్ష జరిగింది. సైన్యంలో, వైమానిక దళంలో లాంఛనంగా చేరింది మాత్రం 2015లో. మే నెలలో సైన్యానికి, జూలైలో వైమానిక దళానికి అందింది. అదే జూలై 27న కలాం కన్నుమూశారు. మొదలుపెట్టిన తర్వాత సైన్యానికి చేరడానికే 32 ఏళ్లు, అసలైన యుద్ధంలో పరీక్షకు నిలవడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ అయిదింటిలో త్రిశూల్ చివరకు సైన్యం చేతికి రాకుండానే ఆగిపోయింది. నాగ్ పని దశాబ్దాలు సాగింది. 'ఇన్నేళ్లు ఏం చేస్తున్నారు, డబ్బంతా వృథా' అని మధ్యలో ఎన్నోసార్లు విమర్శలు వచ్చాయి. అవన్నీ తప్పని మేము అనడం లేదు. అయితే పత్తి విత్తినట్టు ఆరు నెలల్లో తీసుకునే పంట కాదిది.

ఇంత కష్టపడి మనమే ఎందుకు తయారుచేసుకోవాలి, డబ్బిస్తే ఎవరైనా అమ్ముతారు కదా అన్న ప్రశ్నకు మొదటి సమూయేలు 13వ అధ్యాయం చివరి వచనాలు తీసి చదవండి. ఇశ్రాయేలులో ఎక్కడా కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చేశారు. ఖడ్గాలు, ఈటెలు చేసుకుంటారని వాళ్ల భయం. నాగటి నక్కు, గొడ్డలి, కొడవలి పదును పెట్టించుకోవాలన్నా శత్రువు కొలిమి దగ్గరికే వెళ్లి రుసుము కట్టాలి. యుద్ధం వచ్చిన రోజున సౌలుకు, యోనాతానుకు తప్ప జనంలో ఎవరి చేతిలోనూ కత్తి లేదు. మనం ఈ భాగాన్ని ఎప్పుడూ యోనాతాను విశ్వాసం గురించి చెప్పడానికి ముందుమాటగా వాడుకుంటాం. కొలిమి ఎవరి చేతిలో ఉంటే నాగలి కూడా వాళ్ల చేతిలోనే ఉంటుందన్న మాటను దాటేస్తాం.

మన దేశానికి ఇది తెలియని అనుభవం కాదు. 1987లో కొన్ని సంపన్న దేశాలు క్షిపణి సాంకేతికత బయటికి పోకుండా ఒక ఒప్పందం చేసుకున్నాయి. మన క్షిపణులకు కావలసిన చిన్న చిన్న భాగాలు కూడా అమ్మడానికి నిరాకరించారు. ఇస్రో 1991లో క్రయోజెనిక్ ఇంజన్ల కోసం రష్యాతో ఒప్పందం చేసుకుంటే, అమెరికా ఒత్తిడివల్ల 1993లో రష్యా సాంకేతికతను ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. మనవాళ్లు సొంతంగా తయారుచేసిన క్రయోజెనిక్ ఇంజన్‌తో రాకెట్ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరిలో. ఇరవై ఏళ్లు ఆలస్యమైంది. ఎవరినీ ఫిలిష్తీయులని పిలవడం మా ఉద్దేశం కాదు. అప్పుడు తలుపు మూసినవారే 2016లో మనల్ని ఆ ఒప్పందంలో సభ్యులుగా చేర్చుకున్నారు కూడా. దేశాల మధ్య స్నేహాలు ఋతువుల్లా మారుతుంటాయి. కొలిమి మాత్రం ఇంట్లో ఉండాలి.

ఆ కొలుముల్లో తెలుగు నేలమీద ఉన్నవి తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో 1970 నుంచి భారత్ డైనమిక్స్ ఉంది. విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోను అదే సంస్థ తయారుచేస్తోంది. మచిలీపట్నంలో 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా పుట్టి, తర్వాత భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిన కర్మాగారం ఉంది. చీకట్లో చూడగలిగే పరికరాలు అక్కడ తయారవుతాయి. సరిహద్దులో రాత్రి కాపలా కాసే సిపాయి కంటికి పెట్టుకున్నది మన బందరు అద్దం కావచ్చు. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా క్షేత్రంలో డీఆర్‌డీవో లేజర్ కిరణంతో ఒక డ్రోన్‌ను కూల్చి చూపింది. కొద్ది సెకన్లు ఆ కిరణాన్ని ప్రయోగించడానికి అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ఖర్చంత అని చెప్పింది.

ఆ పెట్రోలు లెక్క తమాషాగా కనిపించినా అసలు విషయం అందులోనే ఉంది. కొన్ని వేల రూపాయల డ్రోన్‌ను కూల్చడానికి కోట్ల రూపాయల క్షిపణి వాడితే, ఎదుటివాడు డ్రోన్లు పంపుతూనే ఉంటాడు, మన ఖజానా ఖాళీ అవుతుంది. ఉక్రెయిన్ 2025 జూన్ 1న లారీల్లో దాచి తీసుకెళ్లిన నూటికి పైగా చిన్న డ్రోన్లతో రష్యా లోలోపలి వైమానిక స్థావరాల్లో భారీ బాంబర్ విమానాలను దెబ్బతీసింది. పెద్ద దేశం, పెద్ద విమానం, పెద్ద క్షిపణి అన్న పాత లెక్క మారిపోయింది. ఇప్పుడు గెలుపు చౌకగా, త్వరగా, తెలివిగా తయారుచేసుకున్నవాడిది. దావీదు వడిసెల చూసి గొల్యాతు నవ్విన సంగతి మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ డ్రోను మా ఊళ్లోనూ తిరుగుతోంది. 2021లో నల్ల తామర పురుగు మిరపను తుడిచిపెట్టిన తర్వాత మందు కొట్టే పద్ధతులమీద రైతులకు పట్టింపు పెరిగింది. ఇప్పుడు దాచేపల్లి చుట్టుపక్కల చేలమీద పది లీటర్ల డబ్బా మోసుకుంటూ డ్రోన్లు ఎగురుతున్నాయి. ఎకరం మందు నిమిషాల్లో అయిపోతుంది, కూలీకి విషం పీల్చే బాధ తప్పుతుంది. స్వయం సహాయక సంఘాల స్త్రీలకు 15,000 డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. అదే రెక్క, అదే మోటారు, అదే బ్యాటరీ. మందు డబ్బా తీసి బాంబు కడితే అది ఆయుధం. యెషయా ఖడ్గాలు నాగటి నక్కులవుతాయని ప్రవచించాడు, యోవేలు నక్కులను ఖడ్గాలు చేయమన్నాడు. రెండూ మన బైబిల్లోనే ఉన్నాయి. మా తరంలో ఈ రెండు వచనాలకూ ఒకే యంత్రం ఉదాహరణ కావడం చూస్తున్నాం.

అందులో భాగాలు ఎక్కడివన్నది ఇంకో సంగతి. చైనా విడిభాగాలు ఉన్నాయన్న కారణంతో సైన్యానికి కావలసిన 400 డ్రోన్ల ఒప్పందాలను 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. పైన మన పేరు అతికించి లోపల పరాయి చిప్ పెడితే కమ్మరి వచ్చినట్టు కాదు. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు కేటాయిస్తే డీఆర్‌డీవోకు దక్కింది సుమారు 26,800 కోట్లు. నూటికి నాలుగు రూపాయలు కూడా కాదు. పింఛన్లకే 1.6 లక్షల కోట్లు పోతున్నాయి. అది తగ్గించమని మేము అనం, దేశానికి వయసిచ్చినవాడి ముసలితనం దేశమే చూడాలి. అయినా 'ఆత్మనిర్భర్' అని గోడలమీద రాసేవారు ఆ నాలుగు రూపాయల సంగతి కూడా చెప్పాలి.

ఇంతవరకు చదివిన కొందరు సేవకులు, 'అయ్యగారు క్షిపణుల ప్రచారకులైపోయారేమిటి' అనుకోవచ్చు. ఇప్పుడు పూంఛ్ సంగతి చెప్పనివ్వండి.

మే 7న మన దాడి తర్వాత నియంత్రణ రేఖ అవతలి నుంచి పూంఛ్ పట్టణంమీద ఫిరంగి గుండ్లు కురిశాయి. అక్కడి క్రైస్ట్ స్కూల్ వెనుక ఒక గుండు పడింది. అది తగిలిన ఇంట్లో ఆ పాఠశాలలో చదువుకునే ఇద్దరు పిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు గాయపడ్డారు. ఇంకో గుండు కార్మెల్ కన్యస్త్రీల మఠంమీద పడి నీటి ట్యాంకులు పగిలిపోయాయి. విదేశాంగ కార్యదర్శి మే 9న విలేకరుల ముందు ఈ సంగతులు చెప్పారు. అక్కడి గురుద్వారా కూడా దెబ్బతిన్నది. మే 8 నాటికే సరిహద్దు జిల్లాల్లో 16 మంది సామాన్యులు చనిపోయారని, వారిలో అయిదుగురు పిల్లలని ప్రభుత్వం చెప్పింది.

ఆకాశ్ ఉన్నా ఆ పిల్లలు ఎందుకు చనిపోయారు? దేవుని న్యాయం గురించి కాదు మేము ఇక్కడ అడుగుతున్నది, యంత్రం పనితీరు గురించి. ఆకాశ్ పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో వచ్చే విమానాన్నో డ్రోన్‌నో రాడార్‌తో కనిపెట్టి కూలుస్తుంది. కొండ అవతలి నుంచి వచ్చిపడే ఫిరంగి గుండును ఆపడం దాని పని కాదు. పెద్ద నగరాలకు, వైమానిక స్థావరాలకు కొత్తకాలపు గొడుగు ఉంది. సరిహద్దు గ్రామానికి వంద, నూటయాభై ఏళ్ల నాటి ఆయుధం నుంచి కూడా కాపు లేదు. ఆ గ్రామానికి కావలసిన సాంకేతికత కాంక్రీటు, ఇనుము, మట్టి. ఇంటింటికీ పరుగెత్తి దాక్కోగల బంకరు, ముందే మోగే సైరను, పది నిమిషాల్లో వచ్చే అంబులెన్సు. వాటికి టీవీలో గ్రాఫిక్స్ వేయరు, అవి రిపబ్లిక్ డే కవాతులో రావు. శాస్త్రవేత్త ముప్ఫై ఏళ్లు కష్టపడి చేసినది ఫలించిన వారంలోనే తాపీమేస్త్రి చేయగలిగిన పని జరగక పిల్లలు పోయారు.

మా సహోదరికి ఇవ్వవలసిన జవాబు ఇదే. 'అమ్మా, ఆకాశ్ మీ అబ్బాయి ఉన్న స్థావరాన్ని ఆకాశం నుంచి వచ్చేవాటి నుంచి చాలావరకు కాస్తుంది. ముందు వరుసలో ఉంటే అతని ప్రాణం కందకం లోతుమీద, పక్కవాడిమీద, దేవునిమీద ఆధారపడి ఉంటుంది.' ఆ రోజు ఈ మాట అనగలిగేవాళ్లమో కాదో మాకే తెలియదు.

అతను క్షేమంగానే ఉన్నాడు. సంక్రాంతి తర్వాత సెలవుమీద వచ్చాడు. వాళ్ల చేను చూడటానికి రమ్మంటే మేమూ వెళ్లాం. పక్క చేలో డ్రోన్‌తో మందు కొట్టడం మొదలుపెట్టారు. ఆ మోటారు చప్పుడు వినగానే మాట మధ్యలో ఆపి వేపచెట్టు మొదట్లోకి జరిగి తల పైకెత్తి చూశాడు. తర్వాత సిగ్గుపడినట్టు నవ్వాడు. మేము చూడనట్టే ఊరుకున్నాం.

ఉజ్జియా సంగతి రెండవ దినవృత్తాంతములు 26లో ఉంది. ఇశ్రాయేలు చరిత్రలో ఆయుధ పరిశోధన చేయించిన రాజెవరని అడిగితే అతని పేరే చెప్పాలి. నేర్పరులైన పనివారితో అంబులూ పెద్ద రాళ్లూ విసిరే యంత్రాలు చేయించి యెరూషలేము బురుజులమీద పెట్టించాడు. వ్యవసాయమంటే ప్రీతి ఉన్నవాడు, ఎడారిలో నూతులు తవ్వించాడు కూడా. లేఖనం ఆ యంత్రాలను తప్పు పట్టలేదు. ఆ తర్వాతి వచనంలోనే అతడు బలపడి గర్వించి చెడిపోయాడని రాసింది. యంత్రం చేయించినందుకు కాదు, తనకు హద్దులు లేవనుకున్నందుకు కుష్ఠు పట్టింది.

ఆ గర్వం ఆ మే వారంలో మన ఫోన్లలోకి కూడా వచ్చింది. కరాచీ కాలిపోయిందని, ఫలానా నగరం బూడిదైందని వీడియోలు తిరిగాయి. వాటిలో కొన్ని వీడియో గేములనుంచి తీసినవి. మా సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా ఒకటి వచ్చింది, కింద పదిమంది 'హల్లెలూయ' అని పెట్టారు. అవతలి ఊళ్లో కూడా మనుషులున్నారన్నది ఆ ఒక్క నిమిషం మరిచిపోయారు. మేము ఆలస్యంగా చూశాం, తీసేయించాం, ఆ ఆలస్యానికి సిగ్గుపడుతున్నాం. కారెంపూడి మాకు ఎంతో దూరం కాదు. అన్నదమ్ముల పంతంతో పల్నాడు ఎంత రక్తం చూసిందో చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. నాగులేరు ఒడ్డున పుట్టినవాడికి యుద్ధం వినోదంగా కనిపించకూడదు.

హద్దుల గురించి రెండు మాటలు. మనిషి ప్రమేయం లేకుండా ఎవరిని చంపాలో యంత్రమే నిర్ణయించుకునే ఆయుధాలు వస్తున్నాయి. 2023లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో వీటిమీద ఆందోళన తెలిపే తీర్మానం వస్తే 152 దేశాలు సమర్థించాయి. మన దేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. జెనీవాలో ఇప్పటికే జరుగుతున్న చర్చ వేదికే దీనికి తగినదని మన ప్రభుత్వ వాదన. ఆ వాదనలో దౌత్యపరమైన అర్థం ఉండవచ్చు. కానీ దేవుని పోలికలో చేయబడిన ప్రాణాన్ని తీసే నిర్ణయం యంత్రానికి వదలకూడదని మా స్థిరమైన అభిప్రాయం. 2024లో జీ-7 దేశాధినేతల ముందు పోప్ ఫ్రాన్సిస్ ఇదే అడిగారు. సిద్ధాంతంలో వారితో మాకు తేడాలున్నా ఇక్కడ లేవు. తప్పు చేసిన సిపాయికి విచారణ ఉంటుంది, పశ్చాత్తాపం ఉంటుంది, క్షమాపణ ఉంటుంది. ప్రోగ్రాముకు ఇవేవీ లేవు.

రెండోది, మన ఆయుధాలు ఎక్కడికి పోతున్నాయన్నది. 2024-25లో 23,622 కోట్ల రూపాయల రక్షణ ఎగుమతులు జరిగాయి. ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ పంపాం. తన సముద్రాన్ని కాచుకునే చిన్న దేశానికి అది న్యాయమైన సహాయమే అనుకుంటాం. హైదరాబాద్‌లో 2018లో హెర్మెస్ 900 డ్రోన్ల కర్మాగారం ప్రారంభమైంది. గాజా యుద్ధ సమయంలో అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు డ్రోన్లు వెళ్లాయని 2024లో పత్రికలు రాశాయి. ఇజ్రాయెల్ పేరు వినగానే మన సంఘాల్లో చాలామంది ప్రశ్నలు ఆపేస్తారు. బైబిల్లోని ఇశ్రాయేలును ప్రేమించడం వేరు, నేటి ఒక ప్రభుత్వం వేసే బాంబులన్నిటినీ దీవించడం వేరు. ఇలా అన్నందుకు మాకు ఉత్తరాలు వస్తాయి, రానివ్వండి.

యువకులు మమ్మల్ని అడుగుతుంటారు, డీఆర్‌డీవోలోనో భారత్ డైనమిక్స్‌లోనో ఉద్యోగం వస్తే విశ్వాసి చేరవచ్చా అని. చేరవచ్చనే చెబుతున్నాం. నెహెమ్యా ఒక చేత్తో గోడ కడుతూ ఇంకో చేత్తో ఆయుధం పట్టుకున్నవారిని తప్పుపట్టలేదు. అయితే వారికి ఇంకో కథ కూడా చెబుతాం. కలాం హైదరాబాద్‌లో ఉండగా నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ప్రయోగశాలకు వచ్చి, క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేతితో ఎత్తి చూశారట. ఆయన కలాంను ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్స్‌ను ఈడ్చుకుంటూ నడిచే పోలియో పిల్లలను చూపించారు. కొద్ది వారాల్లో 300 గ్రాముల కాలిపర్స్ తయారయ్యాయి. తర్వాత గుండె వైద్యుడు సోమరాజుతో కలిసి చవకైన స్టెంట్ కూడా చేశారు. కలాం తన జీవితంలో అన్నిటికంటే ఆనందమిచ్చినవాటిలో ఆ పిల్లల నడకను చెప్పుకునేవారు. ఖడ్గం నక్కుగా మారడానికి వెయ్యేళ్ల పాలన దాకా ఆగనక్కరలేదని ఒక ముస్లిం శాస్త్రవేత్త మనకు చూపించాడు. ఆ దారి ప్రయోగశాలల్లో ఇప్పటికీ తెరిచే ఉంది, నడిచేవారు తక్కువ.

మేము నరసరావుపేట పార్లమెంటు సభ్యునికి ఒక లేఖ రాశాం. మూడు మనవులు ఉన్నాయి. రక్షణ పరిశోధనకు బడ్జెట్‌లో వాటా పెంచమని సభలో అడగడం ఒకటి. ప్రాణం తీసే తీర్పు మనిషి చేతిలోనే ఉండేలా చట్టం కోరడం రెండోది. మూడోది లేఖ చదివి వినిపించినప్పుడు మా సహోదరి చేర్పించింది. క్షిపణులకు పెట్టే డబ్బులో కొంచెం తీసి పూంఛ్‌లాంటి ఊళ్లలో ప్రతి ఇంటికీ, ప్రతి బడికీ బంకరు కట్టించమని. "మావాడికి తుపాకీ అయినా ఉంది అయ్యగారూ, ఆ పిల్లలకు ఏముంది?" అంది. లేఖ కింద మొదటి సంతకం ఆమెదే.